వెనక సీటు పక్కన జాలీ

బండి స్టార్ట్ అయిందని సేటు మూడుసార్లు చెప్పాడు. కాలేదని నేను నాలుగుసార్లు చెప్పాను. ఆయన బయట కిటికీ దగ్గర వంగి నిలబడ్డాడు, నేను లోపల స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. మా ఇద్దరి నోళ్లు తప్ప అక్కడ ఇంకేదీ చప్పుడు చెయ్యడం లేదు.

"అయింది మేడం."

"ఏడ అయింది? ఇంజన్ చప్పుడేది?"

"చప్పుడు రాదు మేడం. గిది హైబ్రిడ్ బండి. మొదలు కరెంటు మీద పోతది, తర్వాత పెట్రోల్ మీద పోతది."

"తర్వాతంటే ఎప్పుడు?"

"దానికి మనసైనప్పుడు."

మనసైనప్పుడు మాత్రమే పనిచేసేవాళ్లను నా నలభై ఎనిమిదేళ్లలో చాలామందిని చూశాను. ఒకాయన్ని పెళ్లి కూడా చేసుకున్నాను. కానీ అట్లాంటి యంత్రాన్ని చూడటం అదే మొదలు. "గట్లయితే నీ బండి నాకొద్దు" అంటూనే బ్రేకు మీంచి కాలు తీశాను. కారు కదిలింది. పైపుల కట్టల పక్కనుంచి జారుకుంటూ పోయి, దుకాణం ముందు నీడలో పడుకున్న కుక్కకు రెండడుగుల దూరంలో ఆగింది. కుక్క చెవి కూడా కదపలేదు. అంత ఇనుము నెత్తి మీదికి వచ్చినా నిద్ర లేవని కుక్కను బల్లార్‌పూర్ బజారులో నేనెప్పుడూ చూడలేదు. కారు అవసరం నాకు అంతకుముందే ఉంది. ఆ కారే కావాలన్న కోరిక మాత్రం ఆ కుక్క దగ్గర పుట్టింది.

అవసరం ఏమిటో చెప్పాలి. నేను గడ్‌చాందూర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో చరిత్ర చెబుతాను. పదకొండేళ్లుగా తాసికా పద్ధతి మీద, అంటే చెప్పిన పీరియడుకు కూలి, చెప్పని పీరియడుకు సున్నా. ఉండేది చంద్రపూర్‌లో. మధ్యలో దాదాపు యాభై కిలోమీటర్లు. మామూలు రోజుల్లో బడి పదిన్నరకు కాబట్టి సర్కారు బస్సు సరిపోయేది. ఈ ఏడు జనవరిలో హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచాడు. ఆయన మరాఠీలో ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. ఆ మర్యాద అంటేనే నాకు భయం.

"ఏప్రిల్ నుంచి పొద్దున ఏడింటికి బడి, మేడం. మే నెలంతా పదో తరగతికి వచ్చే పిల్లలకు ఎండాకాలం తరగతులు. రోజూ మొదటి పీరియడు చరిత్ర. ఒక్క రోజు కూడా అది ఖాళీ పోకుండా నడిపించండి. జూన్‌లో ఒక పక్కా పోస్టు ఉంది, కమిటీ ముందు మీ పేరే పెడతాను. ఖాళీ పోయిందంటే మాత్రం నేనేమీ చెయ్యలేను."

ఏడింటిలోపు నన్ను గడ్‌చాందూర్‌లో దింపే బస్సు లేదు. రోజుకు వంద కిలోమీటర్లు రానూపోనూ నడపాలి. కొత్త కారు నా తాహతు కాదు. పాత డీజిల్ బండి తీసుకొమ్మని మా ఆయన సలహా ఇచ్చాడు కాబట్టి అది నాకొద్దు.

అట్లా దొరికింది ఈ బండి. సేటుది ఇనుప సామాన్ల వ్యాపారం. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, గల్లాపెట్టె దగ్గర హిందీ, దుకాణం బోర్డు మరాఠీ. కొడుకులకు ఎత్తు బండి కావాలట, అందుకే దీన్ని అమ్ముతున్నాడు. మీటరు మీద లక్షా ఎనభై వేల కిలోమీటర్లు ఉన్నాయి. బేరం సాగినకొద్దీ నేను మేడం నుంచి అక్కనయ్యాను.

"బ్యాటరీ ఎట్లున్నది?" అని అడిగాను.

"బ్యాటరీ గురించి అడగకు అక్కా. వెనక సీటు కింద ఉన్నది. మనకు కనవడదు, దాని పని అది చేస్తది. నమ్మాలె."

"నమ్మడానికి ఆదివారం చర్చి ఉన్నది నాకు. నీ బ్యాటరీని చూపియ్యి."

చూపించలేదు. సీటు తీస్తే మళ్లీ బిగించడం ఎవరికీ రాదన్నాడు. నేను వాదించడంలో ఎంత గట్టిదాన్నో, ఒకసారి కుతూహలం పుట్టాక అంత మెతకదాన్ని. కొనేశాను.

ఇంటికి తెస్తే పేపరు మిల్లు డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన మా ఆయన మీటరు చదివి నెత్తి పట్టుకున్నాడు. "లక్షా ఎనభై వేలా! గంత దూరం నడిస్తే మనిషికే మోకాళ్లు పోతయ్, గిది బండి."

"నీ మోకాళ్లు నడవకుండనే పోయినయ్ గదా" అన్నాను.

చర్చిలో ఇంకో రకం. పార్కింగులోకి చప్పుడు లేకుండా వెళ్లి నిలబడితే పాస్టరమ్మ ఉలిక్కిపడి, "ఏందక్కా, రెండో రాకడ గూడ గిట్లనే చప్పుడు లేకుండ ఉంటదా ఏంది, జర హారన్ గొట్టు" అంది.

కారును ఎగతాళి చెయ్యనిది మా మామయ్య, అంటే మా ఆయన తండ్రి, ఒక్కడే. ఆయన ముప్పై ఏళ్లు భూమి కింద బొగ్గు గనిలో గాలి చూసే పని చేశాడు. బొగ్గు తవ్వేవాళ్లు వేరు, గాలి చూసేవాళ్లు వేరు. కిందికి మంచిగాలి పోవడానికి ఒక దారి, వాడిన గాలి బయటికి రావడానికి ఇంకో దారి. రెండూ కలిసిపోకుండా మధ్య మధ్య తలుపులు, మందపాటి గుడ్డ తెరలు ఉంటాయట. ఏ తలుపు తెరిచి పెట్టారు, ఏ తెర చినిగింది, గాలి ఎటు నుంచి ఎటు పోతోంది అని చూసుకుంటూ తిరగడమే ఆయన ఉద్యోగం. రిటైరై ఎన్నేళ్లయినా అలవాటు పోలేదు. పెళ్లికి పోయినా, దినానికి పోయినా ముందు నిలబడి చెంప మీద గాలి చూసుకుంటాడు, తర్వాతే కుర్చీ ఎంచుకుంటాడు. ఆ కుర్చీలో అప్పటికే ఎవరైనా ఉంటే లేపుతాడు.

మొదటి ఆదివారం కారులో వెనక కూర్చుని, "బిడ్డా, ఈడ ఏదో గుంజుతుంది" అన్నాడు.

"నీ చెవులు గుంజుతున్నయ్ మామా" అన్నాను. వాదనలో నేను గెలిచానని సంతోషపడ్డాను.

మొదటి రెండు నెలలు ఆ కారు నాకు బడి అయింది. స్టీరింగు పక్కన ఒక చిన్న తెర ఉంది. దాని మీద బాణాలు కదులుతుంటాయి. బ్యాటరీ నుంచి చక్రానికి ఒక బాణం, ఇంజన్ నుంచి చక్రానికి ఒక బాణం. బ్రేకు తొక్కితే చక్రం నుంచి బ్యాటరీకే వెనక్కి ఒక బాణం. దిగుడు రోడ్డు మీద మెల్లగా బ్రేకు తొక్కుతూ పోతే పోయిన కరెంటు కొంత తిరిగి వస్తుంది. ఇచ్చింది వెనక్కి వచ్చే ఏర్పాటు లోకంలో ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. విసాపూర్ దాటాక, బల్లార్‌పూర్ మిల్లు వాసన ముక్కుకు తగిలాక, వర్ధా నది వంతెన దిగుతూ ఎంత కూడబెట్టగలనో రోజూ నాతో నేనే పందెం కాసేదాన్ని. వెనక బొగ్గు లారీవాడు హారన్ కొట్టి తిట్టేవాడు. నేను అద్దంలోనే తిరిగి తిట్టేదాన్ని.

పెట్రోలు మీద నా పీనాసితనం ఇంకా పెరిగింది. ఏసీ వెయ్యలేదు. నాలుగు కిటికీలూ దించి, ముక్కుకు ఓణీ కట్టుకుని నడిపాను. ఆ దారిలో బొగ్గు లారీలు, సిమెంటు ట్యాంకర్లు తప్ప ఇంకేమీ నడవవు. ఇల్లు చేరేసరికి ఒక చెంప నల్లగా, ఒక చెంప తెల్లగా ఉండేది. చంద్రపూర్‌లో దాన్ని ఎవరూ వింతగా చూడరు.

ఏప్రిల్‌లో ఒక రోజు కారు తుడుస్తుంటే వెనక సీటు పక్కన, తలుపు వైపు, అరచేతంత జాలీ కనిపించింది. ప్లాస్టిక్ కంతలు. వాటి చుట్టూ దట్టంగా బొగ్గు పొడి. వేలితో రాస్తే కాటుక. ఇక్కడి నుంచే లోపలికి దుమ్ము కొడుతోందన్న మాట అనుకున్నాను. ఎక్కడో కింది నుంచి, చక్రాల దగ్గర నుంచి వస్తుండాలి.

దుమ్ము లోపలికి వచ్చే కంతను ఏం చెయ్యాలో గని కాలనీలో పుట్టిన ఆడదానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. మా అమ్మ మా క్వార్టర్ కిటికీలకు, వంటింటి గవాక్షానికి, చివరికి తలుపు కింది సందుకు కూడా ఫాల్గుణం నుంచి తడిగుడ్డ పెట్టేది. సాయంత్రం పిండితే బకెట్టులో నీళ్లు సిరాలా ఉండేవి. కాలనీలో ఏ ఇల్లు శుభ్రమో ఆ నీళ్లు చూసి చెప్పేవాళ్లు. ఎంత నల్లగా ఉంటే ఆ ఇల్లాలు అంత పనిమంతురాలు. నేనూ ఒక పాత తువాలు తడిపి, నాలుగు మడతలు పెట్టి, జాలీ మీద బిగించి, అంచులు సీటు సందులోకి కుక్కాను. రోజూ పొద్దున తడపడం, సాయంత్రం పిండడం. నీళ్లు నల్లగా వచ్చేవి. చూసి మురిసిపోయేదాన్ని.

రెండు వారాలు గడిచాయి. తెర మీద బ్యాటరీ గీతలు పిచ్చెక్కినట్టు ఎగిరి పడటం మొదలుపెట్టాయి. ఇప్పుడు నిండుగా ఉంటాయి, రెండు కిలోమీటర్లకే ఖాళీ. కరెంటు మీద నడవాల్సిన చోట కూడా ఇంజన్ మోగుతూనే ఉండేది. వెనక నుంచి కుక్కర్ ఆవిరి వదిలినట్టు ఒకటే హోరు.

మే నెల తరగతులు మొదలైన మూడో రోజు, రాజురా దాటుతుండగా తెర మీద ఎర్రటి త్రికోణం వెలిగింది. బండి ఈడ్చడం మానేసింది. యాక్సిలరేటరు ఎంత తొక్కినా ఎద్దులా మొండికేసింది. పక్కకు ఆపి, బంద్ చేసి, పది నిమిషాలు రోడ్డు మీద నిలబడి మళ్లీ నొక్కాను. త్రికోణం పోయింది. స్కూలు గేటు చేరేసరికి ఏడు దాటి నాలుగు నిమిషాలు. హెడ్మాస్టరు నా తరగతి గుమ్మంలో చెయ్యి వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పిల్లలను నేను కూర్చోబెట్టాను, మేడం. ఈ రోజుకు ఖాళీ అనుకోవడం లేదు" అన్నాడు ఎంతో మర్యాదగా.

ఆ రోజు మధ్యాహ్నం తిరుగు దారిలో త్రికోణం రెండుసార్లు వెలిగింది.

చంద్రపూర్ చేరగానే మా ఆయన్ని వెంటబెట్టుకుని మా బండ్ల మిస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన మరాఠీ మనిషి. వాళ్ల మరాఠీ, మా తెలుగు, అందరి హిందీ కలిపి ఒక భాష మాట్లాడతాడు, నన్ను మాత్రం మరాఠీలో తాయీ, అంటే అక్కా, అని పిలుస్తాడు. బానెట్ ఎత్తి, లోపల మందపాటి నారింజ రంగు తీగలు చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

"తాయీ, నారింజ వైరుకు నేను చెయ్యి పెట్ట. పెడితే సీదా పైకి."

"పదిహేనేండ్ల నుంచి బండ్లు బాగుచేస్తున్నవ్, వైరుకు భయపడతవా?"

"భయపడ్డ కాబట్టే పదిహేనేండ్ల నుంచి చేస్తున్న."

ఆయన చేతిలో ఇమిడే ఒక మీటరు తెచ్చి, స్టీరింగు కింద గుచ్చి, వచ్చిన అంకెలను ఫొటో తీసి నాగ్‌పూర్‌లో ఉన్న తన ఉస్తాదుకు పంపాడు. ఉస్తాదు ఫోన్లో ఒకటే మాట చెప్పాడట. బ్యాటరీ మార్చాలె. కొత్త బ్యాటరీకి అయ్యే ఖర్చులో ఇట్లాంటి బండి ఇంకొకటి వస్తుంది.

"మీటర్ ఏమన్నది? బ్యాటరీ సచ్చిపోయిందన్నదా?" అని అడిగాను.

"లేదు తాయీ. వేడెక్కింది అన్నది."

"వేడెక్కుడు వేరు, సచ్చుడు వేరు. మే నెల చంద్రపూర్‌ల నేను గూడ వేడెక్కుత. నన్ను మారుస్తవా?"

మిస్త్రీ మా ఆయన వైపు చూశాడు. మా ఆయన ఆకాశం వైపు చూశాడు.

ఇంటికి వచ్చాక జరిగిన రభస చిన్నది కాదు. "రేపు ఏడింటికి ఎట్ల పోతవ్?" అని మా ఆయన.

"ఉరికిపోత."

"నా దోస్తు డీజిల్ బండి కిరాయికి అడుగుత."

"నెల మొత్తం ఇస్తడా?"

"ఎందుకిస్తడు? నాలుగొద్దులు."

"తరగతులు ఇంకా ఇరవై ఒద్దులున్నయ్."

పదకొండేళ్లు పీరియడ్లు లెక్కపెట్టుకుని బతికాను. పక్కా పోస్టు అంటే ఇంకేమీ కాదు, జ్వరం వచ్చిన రోజు కూలి పోయిన బాధ లేకుండా జ్వరం బాధ మాత్రమే పడే హక్కు. అది ఇరవై రోజుల దూరంలో ఉంది. నేను పెరట్లో కారు తలుపులన్నీ తెరిచి పెట్టుకుని, దానికేదో నోరు ఉన్నట్టు, వెనక సీటు వైపు చూస్తూ కూర్చున్నాను. నిజానికి ఏడుపు రావాలి. నాకేమో, వేడి ఎక్కడి నుంచి వస్తోంది, వచ్చిన వేడి ఎటు పోవాలి అన్న ప్రశ్న పురుగులా తొలుస్తోంది.

మామయ్య వచ్చి పక్కన నిలబడ్డాడు. "బ్యాటరీ ఏడున్నది?"

"సీటు కింద."

"వేడైతే దానికి గాలి ఎట్ల?"

"ఏదో ఫ్యాన్ ఉన్నదట. గదే హోరు పెడుతుంది."

"ఫ్యాన్ సరే. ఫ్యాన్‌కు గాలి ఏడికెల్లి వస్తుంది?"

నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి, "కింద నుంచి" అన్నాను.

ఆయన వంగి తువాలు పీకాడు. "గిదేంది?"

"దుమ్ము రాకుంట పెట్టిన. గండ్లకెల్లి దుమ్ము లోపటికి కొడుతుంది."

"కొడుతుందా, గుంజుతుందా?"

"కొడుతుంది. చుట్టూ ఎంత నల్లగున్నదో చూడు."

"బండి స్టార్ట్ చెయ్యి" అని లోపలికి వెళ్లి పౌడర్ డబ్బా తెచ్చాడు. నేను పెళ్లిళ్లకు మాత్రమే వాడే మంచి పౌడర్. గనిలో గాలి ఎటు పోతోందో కంటికి ఆననప్పుడు ఇట్లాగే సుద్దపొడి వదిలి చూసేవాళ్లట. అరచేతిలో ఇంత పోసుకుని, జాలీకి జానెడు దూరంలో పట్టుకుని ఉఫ్ అన్నాడు.

తెల్లటి పొగ గాలిలో ఒక క్షణం నిలబడింది. తర్వాత పాము పుట్టలోకి పోయినట్టు వంపు తిరిగి, సన్నగా సాగి, జాలీ కంతల్లోకి పోయింది. మొత్తం పోయింది. ఒక్క రేణువు కూడా నా వైపు రాలేదు.

"మళ్లొకసారి" అన్నాను.

మళ్లీ ఊదాడు. మళ్లీ పోయింది. మూడోసారి నేనే ఊదాను, ఆయన ఏదో మాయ చేస్తున్నాడేమోనని. నా పౌడర్ కూడా పోయింది.

"లోపటికి గాలి పోయే తొవ్వ గిది" అన్నాడు మామయ్య. "నువ్వు దానికి తెర గట్టినవ్. కింద మేం పనిచేస్తుంటే పైన ఎవడన్న గిట్ల చేస్తే ఏమైతుండే ఎరుకనా?"

"ఏమైతది?"

"ఏం గాదు. అందరం సల్లగ పండుకుందుము. లేవకపోదుము."

మా ఆయన అరుగు మీద నుంచి, "రోజు తడిపి మరీ కట్టింది నాయనా, ఆరకుండ" అన్నాడు. ఇంత మంచి అవకాశం ఆయనకు పాతికేళ్ల కాపురంలో దొరకలేదు.

"మొదటి ఆదివారమే చెప్పిన గదా, ఏదో గుంజుతుందని" అన్నాడు మామయ్య.

"గుంజుతుందంటే సరిపోతదా? ఎందుకు గుంజుతుందో చెప్పొద్దా?" అన్నాను. తప్పు నాదైనప్పుడు నేను ఇంకా బాగా వాదించగలను. కానీ కళ్లు మాత్రం ఆ కంతల మీదే ఉన్నాయి. అంటే ఈ బ్యాటరీ మనం కూర్చున్న చోటి గాలినే పీలుస్తుంది. మనకు ఎండైతే దానికీ ఎండ. మనం దుమ్ము మింగితే అదీ మింగుతుంది. కిటికీలు దించి, ఏసీ బంద్ చేసి, రెండు నెలలు నేను దానికి పెట్టిన తిండి వేడిగాలి, బొగ్గుపొడి. తర్వాత ముక్కు కూడా మూశాను.

చీకటి పడకముందే మిస్త్రీని మళ్లీ పిలిచాము. నారింజ వైరు జోలికి పోకుండా ఫ్యాను ఒక్కటి తియ్యగలవా అంటే, ఉస్తాదును ఫోన్లో పట్టుకుని, బ్యాటరీ ప్లగ్గు పీకి, పది నిమిషాలు ఆగి, రబ్బరు తొడుగులు వేసుకుని, దేవుణ్ని తలుచుకుని మొదలుపెట్టాడు. వెనక సీటు లేచింది. తెల్లటి పౌడర్ గీత ఒకటి గొట్టం వెంట లోపలికి పోయి ఆగిపోయింది. ఆ చివర ఫ్యాను. దాని రెక్కల సందుల్లో బొగ్గుపొడి, నా తడిగుడ్డ చెమ్మ తాగి, రోట్లో రుబ్బినట్టు ముద్దకట్టింది. మిస్త్రీ స్క్రూడ్రైవరుతో గీరితే పెళ్లలు పెళ్లలుగా ఊడింది.

"తాయీ, ఇందుల ఒక పూట వంటకు సరిపోయే బొగ్గు ఉన్నది" అన్నాడు.

పాత పళ్ల బ్రష్‌తో రెక్క రెక్కా నేనే తోమాను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తోముతూ రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, మా ఆయన మాట కలపడంతో మరిచిపోయి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను.

అన్నీ బిగించాక మిస్త్రీ చేతులు కడుక్కుంటూ, "నేను ఖాయం చెప్ప తాయీ. ఇన్నొద్దులు ఉడికింది. లోపల బ్యాటరీ గడి, అదే సెల్లు, ఏదన్న బలహీనమై ఉంటది. మూడేండ్లు నడుస్తదో, మూడొద్దులు నడుస్తదో" అన్నాడు.

మర్నాడు పొద్దున నేను బయల్దేరేసరికి మామయ్య స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. అరచెయ్యి జాలీ దగ్గర పెట్టి ఉంచాడు.

"నువ్వేడికి మామా?"

"నీ బడికి. కిటికీలు ఎక్కియ్యి. ఏసీ వెయ్యి."

"పెట్రోల్ కాలుతది."

"కాలనీ. గాలి పోయే తొవ్వకు సల్ల గాలి గావాలె."

"నువ్వు పోసినవా పెట్రోల్?"

"నువ్వు కట్టినవ్ గదా తెర."

ఏసీ వేశాను. విసాపూర్ దాటింది, బల్లార్‌పూర్ దాటింది. వంతెన మీద, "గుంజుతుందా?" అని అడిగాను. "గుంజుతుంది." రాజురా దాటుతుంటే మళ్లీ అడిగాను. "గుంజుతుంది, నువ్వు తొవ్వ చూడు." ఏడుకు పది నిమిషాల ముందు గేటు లోపల ఉన్నాను. పిల్లలకన్నా ముందు తరగతిలో నేనే ఉన్నాను.

అసలు పరీక్ష పొద్దుటిది కాదు, మధ్యాహ్నం ఎండలో తిరుగు ప్రయాణం. తరగతులు అయ్యేదాకా మామయ్య స్టాఫ్‌రూంలో కూర్చున్నాడు. నేను వచ్చి చూస్తే హెడ్మాస్టరు కుర్చీ కిటికీ వైపుకు జరిగి ఉంది, కూలరు రెండో గోడ దగ్గరికి మారి ఉంది, హెడ్మాస్టరు చెమట లేని మొహంతో టీ తాగుతున్నాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు.

"మీ మామగారు చాలా జ్ఞాని, మేడం. ఇన్నేళ్లు కూలరుకు వెనక నుంచి గాలి అందడం లేదని మాకు తెలియనే తెలియదు" అన్నాడు ఆయన.

తిరుగు దారిలో రోడ్డు మీద ఎండ నీళ్లలా మెరుస్తోంది. నేను తెర మీంచి కళ్లు తియ్యలేదు. బాణాలు నిదానంగా తిరుగుతున్నాయి. రాజురా దగ్గర వెనక హోరు మొదలైంది. గీతలు రెండు తగ్గాయి, ఆగాయి. వంతెన దిగుతుంటే బ్రేకు మెల్లగా తొక్కాను. వెనక్కి పోయే బాణం వచ్చింది, ఒక గీత నిండింది. త్రికోణం రాలేదు. వెనక నుంచి గురక వినిపించింది. మామయ్య చెయ్యి జాలీ దగ్గరే ఉంది, ఆయన నిద్రపోయాడు. గాలి నమ్మకంగా ఉన్నచోట తప్ప ఆ మనిషి ఎక్కడా నిద్రపోడు.

తర్వాతి ఇరవై రోజుల్లో ఒక్క పీరియడూ ఖాళీ పోలేదు. త్రికోణం ఒక్కసారి వచ్చింది, అదీ ఇంటి ముందు నిలబెట్టాక. ఏసీకి పెట్రోలు ఎంత ఎక్కువ కాలుతుందోనని ప్రతి ట్యాంకుకూ కనిపెట్టి చూశాను. చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. బ్యాటరీ తన పని తాను చేసుకుంటుంటే ఇంజన్‌కు పని తగ్గింది. ఈ సంగతి మామయ్యకు ఇంతవరకూ చెప్పలేదు.

జూన్‌లో కమిటీ కాగితం ఇచ్చింది. నా పేరు, పోస్టు, సంతకాలు. హెడ్మాస్టరు పెద్దగా నవ్వడు, ఆ రోజు కొంచెం నవ్వాడు. వానలు పడ్డాయి, బడి మళ్లీ పదిన్నరకు మారింది. చంద్రపూర్ బస్సు పది దాటేసరికి నన్ను గడ్‌చాందూర్ స్టాండులో దింపగలదు.

"ఇగ అమ్మెయ్యి" అన్నాడు మా ఆయన. "నడుస్తున్నప్పుడే అమ్మాలె. పని అయిపాయె గదా. సచ్చినంక ఎవడు కొంటడు?"

"అమ్మను."

"ఎందుకే? బస్సు ఉన్నది గదా."

"బస్సుల సీటు దొరకది" అన్నాను.

అది నిజం కాదు, పదిన్నర బడికి పోయే బస్సులో సీట్లు ఖాళీగానే ఉంటాయి. లోపల ఒక గడి బలహీనంగా ఉందని మిస్త్రీ అన్నాడు. అది ఏ గడి, ఎట్లా బలహీనపడుతుంది, పక్క గడులు దాని బరువు ఎన్నాళ్లు మోస్తాయి అన్నది నాకు ఇంకా తెలియదు. నాగ్‌పూర్ ఉస్తాదు నెంబరు మిస్త్రీ దగ్గర తీసుకున్నాను. నిన్న ఫోన్ చేసి మొదటి ప్రశ్న అడిగాను. అమ్మా మీరు బండి అమ్మడానికా, బాగు చెయ్యడానికా అని ఆయన అడిగాడు. రెండూ కాదు, ముందు మీరు చెప్పండి అన్నాను. గంటసేపు చెప్పాడు. సగం ఒప్పుకోలేదు నేను. వచ్చే శనివారం నా బడి అయ్యాక బండి నాగ్‌పూర్ తీసుకొస్తే, సీటు తీసి చూపిస్తానన్నాడు.